ప్రీనప్ రాసుకుంటే నా ఫ్లాట్ నాకే ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 31. రుషికొండలో ఐటీ ఉద్యోగం. మధురవాడలో నా పేరు మీద ఫ్లాట్ కొన్నాను. అందులో 12 లక్షలు స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన నాన్న ఇచ్చారు, మిగతాది హోమ్ లోన్. ఈఎంఐ నేనే కడుతున్నాను. ఫిబ్రవరిలో పెళ్లి. అబ్బాయికి గాజువాకలో వాళ్ల అన్నయ్యతో కలిసి హార్డ్‌వేర్ వ్యాపారం ఉంది, దాని మీద బ్యాంకు అప్పు కూడా ఉంది. ప్రీనప్ (ఎవరి ఆస్తి, అప్పు ఎవరివో పెళ్లికి ముందే రాసుకునే ఒప్పందం) రాసుకుందామంటే తను సరే అన్నాడు. ఎంత ఖర్చవుతుంది? కోర్టులో చెల్లుతుందా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు ఖర్చు సంగతి. ఇలాంటి ఒప్పందాన్ని మామూలుగా వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి, సాక్షుల సంతకాలు తీసుకుని నోటరీ చేయిస్తారు. అదంతా చిన్న ఖర్చే. పెద్దది అడ్వకేట్ ఫీజు. దానికి నిర్ణీత రేటు లేదు, మొత్తం పనికి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. ఇద్దరి తరఫునా ఒకే లాయరు రాస్తే రేపు ‘నాకు చెప్పకుండా సంతకం పెట్టించుకున్నారు’ అనే మాట రావచ్చు. కాబట్టి లాయర్లు ఇద్దరు, ఫీజులూ రెండు.

ఇక చెల్లుబాటు. గోవాలో పోర్చుగీసు కాలం నుంచి వస్తున్న సివిల్ కోడ్ పెళ్లికి ముందు ఒప్పందాలను గుర్తిస్తుంది. మనకు వర్తించే 1955 హిందూ వివాహ చట్టంలో వాటి ప్రస్తావనే లేదు. మిగిలింది 1872 కాంట్రాక్ట్ చట్టం. దాని 23వ సెక్షన్ ప్రకారం ప్రజా విధానానికి, అంటే సమాజ హితానికి, విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. పెళ్లయ్యాక అత్తగారింట్లోనే ఉంటానని రాసిచ్చిన ఓ అల్లుడి ఒప్పందం 1901లోనే కలకత్తా హైకోర్టులో వీగిపోయింది. మన ఇల్లరికం వ్యవహారమే అనుకోండి! అలాగే ‘విడిపోతే భరణం అడగను’ అని ముందే రాసిచ్చినా, తర్వాత అడిగే హక్కు పోదు.

రాసుకోవద్దని అనను. ఎవరి ఆస్తి ఏది, ఎవరి అప్పు ఏది అని ఇద్దరూ ఒప్పుకున్న కాగితం సాక్ష్యంగా పనికొస్తుంది. దానికి మించి ఆశించకండి. లాంఛనాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు మాత్రం అందులోకి రానీయకండి. కట్నం ఒప్పందం చెల్లదు సరికదా, ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. పెళ్లి కానుకల జాబితాకైతే 1985 నుంచి నిబంధనలే ఉన్నాయి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలి. పెట్టే బంగారమంతా అందులో ఎక్కించండి. పైసా ఖర్చు లేదు, అయినా రాసేవాళ్లు అరుదు.

నిజానికి మీ భయానికి సగం జవాబు చట్టంలోనే ఉంది. పెళ్లి చేసుకున్నంత మాత్రాన మీ ఫ్లాట్‌లో భర్తకు వాటా రాదు, ఆయన వ్యాపారం అప్పు మీ మెడకు చుట్టుకోదు. చుట్టుకునేది మీ సంతకంతోనే. ‘బ్యాంకువాళ్లు అడుగుతున్నారు, ఊరికే గ్యారంటీ సంతకం’ అని ఒకరోజు కాగితాలు మీ ముందుకు రావచ్చు. గ్యారంటీ ఇచ్చినవారి బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం. బ్యాంకు ముందు మీ భర్తను, ఆయన అన్నయ్యను అడిగి తీరాలన్న నియమం లేదు, నేరుగా మీ దగ్గరికే రావచ్చు. ఫ్లాట్ మీద టాప్-అప్ లోన్ (ఉన్న హోమ్ లోన్‌కు అదనంగా ఇచ్చే అప్పు) తీసి షాపులో పెట్టడం దీనికి ఇంకో రూపం. ఇది నమ్మకానికి సంబంధించిన విషయం కాదు. అన్నదమ్ముల భాగస్వామ్యంలో మీకు లాభంలో వాటా ఉండదు, నష్టంలో మాత్రం ఎందుకు? ఈ మాట పెళ్లికి ముందే ఆయనతో తేల్చుకోండి. షాపు మూడేళ్ల ఐటీ రిటర్నులు, అప్పుల వివరాలు చూపించమని అడగండి. మీ జీతం, హోమ్ లోన్ స్టేట్‌మెంట్ మీరూ చూపించండి.

మీరు అడగని ఒక విషయం నన్ను ఎక్కువగా టెన్షన్ పెడుతోంది. వీలునామా లేకుండా హిందూ మహిళ చనిపోతే, ఆమె సొంతంగా సంపాదించిన ఆస్తి మొదట పిల్లలకు, భర్తకు వెళ్తుంది. వాళ్లు లేకపోతే భర్త వారసులకు. ఆ తర్వాతే కన్న తల్లిదండ్రులకు! 1956 వారసత్వ చట్టం 15వ సెక్షన్ వేసిన వరుస ఇది. అంటే మీ నాన్నగారి 12 లక్షలు కలిసిన ఫ్లాట్‌లో ఆయన వంతు మీ బావగారి తర్వాత కూడా రావచ్చు. ప్రీనప్‌తో ఇది మారదు, వీలునామాతో మారుతుంది. తెల్ల కాగితం చాలు, స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, ఆస్తి పొందేవాళ్లు సాక్షులుగా లేకపోవడం మంచిది. హిందువుల వీలునామా పెళ్లితో రద్దు కాదు కాబట్టి ఇప్పుడే రాయొచ్చు. క్రైస్తవులకైతే పెళ్లితో రద్దవుతుంది, వాళ్లు పెళ్లయ్యాక రాసుకోవాలి.

పెళ్లయ్యాక మీ భర్తను ఒక టర్మ్ పాలసీ (ఆయన చనిపోతే సొమ్ము వచ్చే జీవిత బీమా) తీసుకోమనండి. దాన్ని 1874 వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ సొమ్ము భార్యాపిల్లలదే, షాపు అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. ఆ ఐచ్ఛికం పాలసీ తీసుకునేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత కలపడం కుదరదు. మీ పీఎఫ్‌లో, గ్రాట్యుటీలో ఇప్పుడున్న నామినేషన్లు కూడా పెళ్లయిన వెంటనే కొత్తగా వేయండి.