మూడు గొంతులు, కాస్త చప్పుడు

తమ్ముడూ,

నువ్వు పంపిన ట్యూన్ విన్నాను. ప్రాజెక్ట్ ఫైల్ కూడా పెట్టావు కాబట్టి లోపల ఏముందో తెరిచి చూశాను. మెలొడీ బాగుంది. రెండో భాగంలో స్వరం పైకెక్కి, ఆగుతుందనుకున్న చోట ఆగకుండా ఒక మెట్టు దిగి నిలబడుతుంది చూడు, అది నాకు చాలా నచ్చింది. ఎవరు ఏం చెప్పినా దాన్ని మార్చకు.

ఇక నీ ప్రశ్న. "ఎంత చేసినా పాత వీడియో గేమ్ మ్యూజిక్‌లా అనిపించడం లేదన్నా, ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావు?" అని అడిగావు. ఏదీ కొనకు. ఈ పనికి పనికొచ్చే మంచి సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు ఉచితంగానే దొరుకుతుంది. నీ ట్యూన్‌కి ఇబ్బంది వేరే చోట వచ్చింది. అందులో పన్నెండు ట్రాక్‌లున్నాయి. వెనకాల కార్డ్ ఒకటి, అంటే మూడు స్వరాలు కలిసి పలికేది, పొడుగ్గా మోగుతూనే ఉంది. అన్నిటి మీదా గదిలో మోగినట్టు చేసే రివర్బ్ ఉంది. చివర్లో మొత్తాన్నీ శబ్దం నాణ్యత తగ్గించే బిట్‌క్రషర్‌లో వేసి గరుకు చేశావు. గరుకుతనం వచ్చింది గానీ పాతదనం రాలేదు. ఆ పాటల రుచంతా తక్కువ గొంతులతో ఎక్కువ పని చేయించడంలో ఉంది. అందుకే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అది నిన్ను ఏం చేయనివ్వదో ముందు చూడమంటాను.

ఒక్క యంత్రాన్నే తీసుకుందాం. 1983లో జపాన్‌లో నింటెండో ఫామికామ్ వచ్చింది. బయటి దేశాలకు ఎన్‌ఈఎస్ పేరుతో వెళ్లింది. దాని చిప్‌లో శబ్దానికి ఉన్నవి ఐదు ఛానెల్స్, అంటే ఐదు గొంతులు. పదునుగా పలికే పల్స్ రెండు, మెత్తగా పలికే ట్రయాంగిల్ ఒకటి, బుస్సుమనే చప్పుడుకు నాయిస్ ఒకటి, చిన్న చిన్న రికార్డింగ్ ముక్కలు వాయించడానికి ఇంకొకటి. ఆ ఐదోది మెమరీ తింటుంది కాబట్టి చాలా ఆటల్లో దాన్ని వాడనే లేదు. నువ్వు కూడా మొదట్లో దాని జోలికి పోకు. మిగిలిన నాలుగింటిలో ఒక్కో ఛానెల్ ఒక సమయంలో ఒక్క స్వరమే పలుకుతుంది. పల్స్‌కి వాల్యూమ్ సున్నా నుంచి 15 దాకా, అంటే 16 మెట్లు. ట్రయాంగిల్‌కి వాల్యూమే లేదు, మోగుతుంది లేదా మోగదు. నాయిస్‌కి స్వరం ఎత్తులో 16 మెట్లే.

ఇప్పుడు నీ కార్డ్ సంగతి చూడు. మెలొడీకి ఒక పల్స్ ఇచ్చావు, బేస్‌కి ట్రయాంగిల్ ఇచ్చావు. మిగిలింది ఒక్క పల్స్. మూడు స్వరాల కార్డ్‌ని దాంతో ఎలా పలికిస్తావు? ఒకదాని తర్వాత ఒకటి చాలా వేగంగా తిప్పుతావు. ఫామికామ్ సంగీతం సాధారణంగా సెకనుకు 60 సార్లు మారగలదు, ఆ ఒక్కో వంతునూ ఫ్రేమ్ అంటారు. ప్రతి ఫ్రేమ్‌కీ ఒక స్వరం చొప్పున మూడు స్వరాలు తిప్పితే, కార్డ్ మొత్తం సెకనుకు 20 సార్లు చుట్టొస్తుంది. చెవి దాన్ని విడివిడి స్వరాలుగా పట్టుకోలేదు. గలగలమనే ఒక మెరుపులా వింటుంది. పాత ఆటల సంగీతం అనగానే మనకు గుర్తొచ్చే ఆ గలగల ఇలా పుట్టిందే. నీ ప్రాజెక్ట్‌లో మూడు స్వరాలూ ఒకేసారి మోగించే వీలుంది కాబట్టి నీకు ఆ అవసరమే రాలేదు. అవసరం లేని చోట ఆ శబ్దం కూడా పుట్టదు.

ఈ హద్దులు ఉన్నవి ఉన్నట్టుగా చూపించే సాఫ్ట్‌వేర్ రెండు చెబుతాను. మొదటిది ఫామిస్టూడియో. నీకు స్వరాలను గళ్లలో గీసే పియానో రోల్ అలవాటే కాబట్టి దీంట్లో మొదలుపెట్టు. స్వరాలు గళ్లలో గీతలుగా కనిపిస్తాయి. ఛానెల్స్ మాత్రం చిప్‌లో ఉన్నన్నే ఉంటాయి. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. రెండోది ఫామిట్రాకర్. అది ట్రాకర్ రకం, అంటే పాటను అంకెల పట్టికలా రాయించే విండోస్ ప్రోగ్రామ్. 2005 నుంచి ఉంది, ఈ రంగంలో చాలామంది చేతులు దాని మీదే తిరిగాయి. దాని నుంచి పుట్టిన డీఎన్-ఫామిట్రాకర్ కూడా ఉంది, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాన్నే దింపుకుంటే మంచిది.

ట్రాకర్‌ని మొదటిసారి చూస్తే టెన్షన్ పుడుతుంది. తెర నిండా అంకెలు. నిజానికి దాని తర్కం చాలా తేలిక. కాలం పైనుంచి కిందికి నడుస్తుంది. ఒక్కో నిలువు వరస ఒక్కో ఛానెల్. అడ్డంగా ఉన్న ప్రతి గడిలో నాలుగు విషయాలు ఉంటాయి: ఏ స్వరం, ఏ ఇన్‌స్ట్రుమెంట్, ఎంత వాల్యూమ్, ఏ ఎఫెక్ట్. అంకెలు 9 దాటాక ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వస్తాయి, అవి 10 నుంచి 15. వాల్యూమ్ 15 అంటే ఎఫ్ అని కనిపిస్తుంది. ఎఫెక్ట్ గడిలో 047 అని కొడితే మేజర్ కార్డ్ తిరుగుతుంది, 037 అని కొడితే మైనర్. ఆ 4, 7 అనేవి మూల స్వరం నుంచి ఎన్ని అరస్వరాలు పైకి వెళ్లాలో చెబుతున్నాయి, అంతే. ఈ పద్ధతికి పునాది 1987లో అమిగా కంప్యూటర్ కోసం కార్‌స్టెన్ ఒబార్‌స్కీ రాసిన అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్. అమిగాకి నాలుగు ఛానెల్స్ ఉండేవి, అందుకే నాలుగు నిలువు వరసలు. ఇన్నేళ్లయినా ఆ రూపం పెద్దగా మారలేదు.

ట్రాకర్ నేర్చుకో అని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. కాలాన్ని అది ఫ్రేముల్లో చూపిస్తుంది. ఫామిట్రాకర్ తెరవగానే స్పీడ్ 6, టెంపో 150 అని ఉంటుంది. అంటే ఒక్కో అడ్డు వరస ఆరు ఫ్రేములు. సెకనుకు పది వరసలు. నాలుగు వరసలకు ఒక బీట్ అనుకుంటే నిమిషానికి 150 బీట్‌లు. స్పీడ్ 5 చేస్తే ఒక్కసారిగా 180కి దూకుతుంది, 7 చేస్తే దాదాపు 129కి పడిపోతుంది. టెంపోని ముట్టుకోకుండా స్పీడ్ ఒక్కటే మారిస్తే మధ్యలో ఏమీ దొరకదు. పాత ఆటల పాటలు చాలావాటికి ఒకే రకమైన పరుగు ఎందుకుంటుందో అప్పుడు నీ చేతికే తెలుస్తుంది.

తర్వాత ఇన్‌స్ట్రుమెంట్ దగ్గర, అంటే ఒక్కో స్వరం ఎలా మోగాలో మలిచే చోట, ఎక్కువసేపు కూర్చో. కొత్తవాళ్లు దాటేసి పోయేది ఇదే, పాటకు ప్రాణం పోసేదీ ఇదే. పల్స్ తరంగానికి నాలుగు వెడల్పులున్నాయి: 12.5 శాతం, 25, 50, 75. మొదటిది సన్నగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. 50 గుండ్రంగా, బోలుగా ఉంటుంది. 75 చెవికి 25 లాగే వినిపిస్తుంది. ఒక స్వరం మొదలైన తొలి రెండు ఫ్రేములు 50 పెట్టి, వెంటనే 12.5కి మార్చి చూడు. తీగ మీటిన దెబ్బ వినిపిస్తుంది. వాల్యూమ్‌ని 15, 12, 10, 8 అని దించుకుంటూ వస్తే గంట అవుతుంది. 6 దగ్గర మొదలుపెట్టి 12 దాకా ఎక్కిస్తే ఊదే వాద్యం అవుతుంది. పొడుగు స్వరాలకు మొదట కాసేపు నిటారుగా ఉంచి, తర్వాత వైబ్రాటో, అంటే స్వరంలో చిన్న వణుకు, కలుపు. ఆ కాసేపు ఎంత అనేది నీ మెలొడీ అడుగుతుంది. చెవి పెట్టి నిర్ణయించు.

రివర్బ్ లేకుండా పాట పొడిగా ఉంటుందని నీకు భయం ఉండొచ్చు. దానికీ పాతవాళ్లు దారి వెతికారు. మెలొడీనే రెండో పల్స్‌లోకి కాపీ చేసి, రెండు మూడు వరసలు కిందికి జరిపి, వాల్యూమ్ నాలుగో వంతుకు తగ్గించు. ప్రతిధ్వని వచ్చేస్తుంది. అయితే ఆ పల్స్ ఇక కార్డ్‌లకు దొరకదు. ప్రతిధ్వని కావాలా, కార్డ్ కావాలా? ఈ పాటలు రాయడమంటే ప్రతి బార్‌లోనూ ఇలాంటి ఒక తీర్పు ఇవ్వడమే. మెలొడీ ఊపిరి తీసుకునే చోట కార్డ్ తిప్పి, మెలొడీ నడిచే చోట ప్రతిధ్వనికి వదిలెయ్యొచ్చు. ట్రయాంగిల్ కూడా అంతే. బేస్ స్వరానికి ముందు రెండు మూడు ఫ్రేములు దాన్ని పైనుంచి కిందికి జారిస్తే డ్రమ్ దెబ్బలా తగులుతుంది. అదే క్షణంలో నాయిస్ కలిస్తే ఆ దెబ్బకు ఒళ్లు వస్తుంది.

ఇప్పుడు ఒక పని చెబుతాను. నీ పన్నెండు ట్రాక్‌ల ట్యూన్‌నే ఫామిస్టూడియోలో నాలుగు ఛానెల్స్‌కి దించు. ముందు ట్రయాంగిల్‌లో బేస్ రాయి. దాని మీద మెలొడీ పెట్టి ఆ రెండే విను. రెండింటితోనే పాట నిలబడాలి. నిలబడకపోతే మూడోది కలపకు, బేస్‌నే మళ్లీ రాయి. నీ బేస్ ఇప్పుడు ప్రతి బార్‌లోనూ ఒకే స్వరం మీద నిలబడి ఉంది. వెనకాల కార్డ్ మోగుతోంది కాబట్టి అది నీకు తెలియలేదు. కార్డ్ తీసేస్తే తెలుస్తుంది. అప్పుడు బేస్ తనే నడక నేర్చుకుని కార్డ్ మారిందని చెప్పాల్సి వస్తుంది.

వినడం కూడా ఇదే పద్ధతిలో చెయ్యి. ఎన్‌ఎస్‌ఎఫ్ అనే ఫైల్ రకం ఒకటుంది. అందులో ఉండేది రికార్డింగ్ కాదు, చిప్‌కి ఇచ్చే ఆదేశాలు. కాబట్టి ప్లేయర్‌లో ఒక్కో ఛానెల్‌ని విడిగా ఆపి వినొచ్చు. ఫామిస్టూడియో దాన్ని తెరిచి స్వరాలుగా కూడా చూపిస్తుంది. నీకు ఇష్టమైన పాట ఏదైనా తీసుకుని రెండో పల్స్ ఒక్కదాన్నే చివరిదాకా విను. ఎంత ఖాళీగా ఉంటుందో, ఎన్నిసార్లు పని మార్చుకుంటుందో గమనించు. నేర్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

మిగతా సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడిగావు. బీప్‌బాక్స్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పాట మొత్తం ఆ లింక్‌లోనే దాగి ఉంటుంది. ట్యూన్ తట్టిన వెంటనే గీసి పెట్టుకోవడానికి చాలా హాయి. కానీ అది ఏ ఒక్క చిప్‌కీ కట్టుబడదు, కాబట్టి చిత్తుప్రతికే వాడు. గేమ్ బాయ్ శబ్దం కావాలంటే ఎల్‌ఎస్‌డీజే ఉంది, అది ఆ యంత్రంలోనే నడిచేలా రాసిన ట్రాకర్. ఫర్నెస్ అనేది గొప్ప సాఫ్ట్‌వేర్. ఉచితంగా వస్తుంది, ఎన్నో చిప్‌లు అందులో ఉన్నాయి. కమొడోర్ 64లోని సిడ్ చిప్ కావాలన్నా, సెగా మెగా డ్రైవ్‌లోని యమహా ఎఫ్‌ఎం చిప్ కావాలన్నా అక్కడ దొరుకుతాయి. ఇప్పుడే తెరవకు. ఎఫ్‌ఎంలో ఒక్క శబ్దం మలచడానికే నాలుగు ఆపరేటర్లు, అంటే తరంగాలు పుట్టించే భాగాలు, ఒకదాన్నొకటి ఎలా కదిలిస్తాయో నేర్చుకోవాలి. అది వేరే చదువు, నాలుగు ఛానెల్స్ నీ చేతికి లొంగాక మొదలుపెట్టు. ఫామిట్రాకర్‌లో కూడా వీఆర్‌సీ6 లాంటి అదనపు చిప్‌లు కలిపే వీలుంది. అది ఇంకో రెండు పల్స్‌లు, రంపపు పళ్లలాంటి తరంగంతో మోగే ఒక సాటూత్ ఇస్తుంది. చెయ్యి అటు వెళుతుంది. ఆపుకో.

మామూలు స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో మ్యాజికల్ 8బిట్ ప్లగ్ లాంటి ప్లగిన్‌లు, అంటే అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు, వాడటం తప్పేమీ కాదు. కొత్త పాటలో పాత రంగు కావాలనుకుంటే అవే సరైనవి. అక్కడ హద్దులు నువ్వే గీసుకోవాలి, అంత నిగ్రహం మొదట్లో కష్టం.

నువ్వు రాసేది ఎవరి ఆటలోనైనా పెట్టాలనుకుంటే రెండు మాటలు గుర్తుంచుకో. ఆ రోజుల్లో ఆటలో దూకినా, పేల్చినా వచ్చే శబ్దం సంగీతం దగ్గరున్న ఛానెల్‌నే లాక్కునేది. కాబట్టి 2007లో టోమస్ పెటర్‌సన్ చేసిన ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే ఆట శబ్దాల ప్రోగ్రామ్‌తో నాలుగైదు శబ్దాలు చేసుకుని, వాటిని పాట మీద మోగిస్తూ విను. మెలొడీ ఎక్కడ మునిగిపోతోందో అక్కడ ఛానెల్ మార్చు. రెండోది, పాట చివరి బార్ నుంచి మొదటికి తిరిగి వెళ్లే చోటు. ఆట ఆడేవాళ్లు అన్నిటికంటే ఎక్కువసార్లు దాటేది ఆ చోటునే. నీ ట్యూన్ ఇప్పుడు చివర్లో పూర్తిగా ముగిసిపోయి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది. ముగింపు స్వరాన్ని తీసేసి, బేస్‌ని మొదటి స్వరం వైపు నడిపించు.

దించడం అయ్యాక వేవ్ ఫైల్ ఒక్కటే పంపకు. ఫామిస్టూడియో ప్రాజెక్ట్ కూడా పంపు. ఒక్కో ఛానెల్‌నీ విడిగా విని, ఏ బార్‌లో ఏం అనిపించిందో రాస్తాను.

ప్రేమతో,
అన్న