సార్ లేకుండా రోబో నడవాలి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. వచ్చే సీజన్‌లో వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ అనే పోటీలో రోబోమిషన్ విభాగానికి స్కూలు నుంచి ముగ్గురు పిల్లల టీమ్‌ను పంపుతామంటున్నారు. ప్రోగ్రామింగ్ అంతా ఇద్దరు మగపిల్లలు, సార్ చూసుకుంటున్నారు. మా అమ్మాయికి చార్టులు, నోట్సు రాసే పని ఇచ్చారు. టెన్త్ వస్తోంది కదా, ఇదంతా ఎందుకని మావారు అంటున్నారు. దీనివల్ల ఇంజినీరింగ్ సీటుకి ఉపయోగం ఉంటుందా? ఎలా సిద్ధం కావాలి?

జవాబు: అమ్మా, సీటు సంగతి ముందే చెప్పేస్తాను. జేఈఈలో గానీ ఏపీ ఈఏపీసెట్‌లో గానీ రోబోటిక్స్ సర్టిఫికెట్‌కి ఒక్క మార్కు కూడా కలవదు. ఈ కోర్సు చేస్తే ఐఐటీకి దారి అంటూ ఎవరైనా ఫీజు అడిగితే నమ్మకండి.

అయినా పంపమనే చెబుతాను. ఇంటర్ అయ్యాక సీఎస్ఈయా, ఈసీఈయా, మెకానికలా అని అడిగితే చాలామంది పిల్లలు పక్కింటివాళ్లబ్బాయి తీసుకున్న బ్రాంచే చెబుతారు. గేర్లు బిగించడం ఇష్టమో, సెన్సార్లతో కుస్తీ పట్టడం ఇష్టమో, కోడ్ రాయడం ఇష్టమో ఒక్క సీజన్‌లో తెలిసిపోతుంది. కానీ చార్టులు రాస్తూ కూర్చుంటే ఏదీ తెలియదు. నన్ను బాధపెట్టింది ఆ పని పంపకమే. పైగా ఈ విభాగంలో స్కోరు వచ్చేది మ్యాట్ మీద, అంటే గీతలు, గుర్తులు ప్రింట్ చేసి బల్ల మీద పరిచే పట్టా మీద, రోబో చేసిన పనికి. చార్టు ఎంత అందంగా ఉన్నా ఎవరూ చూడరు.

పోటీ ఎలా ఉంటుందో మీవారికి కూడా చెప్పండి, వింటే ఆయనకీ ఆసక్తి కలగొచ్చు. రిమోట్ ఉండదు, ముందే రాసిన ప్రోగ్రామ్‌తో రోబో తనంతట తానే నడవాలి. మొదలుపెట్టేటప్పుడు రోబో పొడవు, వెడల్పు, ఎత్తు 25 సెంటీమీటర్లు దాటకూడదు. ఒక్కో రన్‌కి రెండు నిమిషాలు. ప్రతి రౌండ్‌కి ముందు రోబోలన్నీ ఒక బల్ల మీద పెట్టేయాలి, ఆ తర్వాతే మ్యాట్ మీద కొన్ని వస్తువుల స్థానాలు మారుస్తారు. అప్పుడిక ప్రోగ్రామ్ ముట్టుకోవడానికి లేదు. పోటీ రోజు పొద్దున అప్పటికప్పుడు కొత్త నియమం చెప్పడమూ ఉంది. ఆ సమయంలో సార్ లోపలికి వచ్చి సాయం చేయకూడదు. సార్ రాసిన ప్రోగ్రామ్‌లో తేడా వస్తే ఈ ముగ్గురూ ఏం చేస్తారు?

కాబట్టి ఇప్పటినుంచే వారానికి ఒక గంట సార్ స్టాఫ్‌రూమ్‌లో కూర్చోవాలి. పిల్లలు చీటీలు వేసి వస్తువుల స్థానాలు మార్చుకుని రోబోని నడపాలి. ఎవరు ఏ పని చేయాలన్నదీ చీటీతోనే తేల్చుకోవాలి. పదిసార్లలో ఎన్నిసార్లు పని పూర్తయిందో రాసుకోవాలి. పదింట నాలుగుసార్లే పూర్తయ్యే గొప్ప పని కంటే తొమ్మిదిసార్లు పూర్తయ్యే చిన్న పని మీద ముందు దృష్టి పెట్టమనండి.

మ్యాట్ కోసం వేలు పోయనక్కర్లేదు. ఆ సీజన్ మ్యాట్ డిజైన్, నియమాలు జనవరిలో నిర్వాహకుల వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడతారు. ఆ డిజైన్ ప్రింట్ చేయించడానికి గుంటూరులో ఫ్లెక్స్ షాపులకేం కొదవ? మెరిసే ఫ్లెక్స్ మాత్రం వద్దు, లైటు పడి మెరిస్తే సెన్సార్ తికమకపడుతుంది. మెరుపు లేని రకం (మ్యాట్ ఫినిష్ అంటారు) అడగండి. కొలత 2362 మిల్లీమీటర్ల పొడవు, 1143 మిల్లీమీటర్ల వెడల్పు. షాపువాళ్లు సైజు సర్దేస్తుంటారు, టేపుతో కొలిచి మరీ తీసుకోండి. మడత పెట్టకుండా ప్లాస్టిక్ పైపుకి చుట్టి ఉంచండి. మడత గీత మీదికి రాగానే రోబో పక్కకి తిరిగిపోతుంది.

ఎక్కువ టీమ్‌లు దెబ్బతినేది వెలుతురు దగ్గర. రోబోకి ఉన్న వెలుతురు కొలిచే సెన్సార్ తెలుపు మీద 80 చూపించి నల్ల గీత మీద 10 చూపిస్తే, మధ్యలో 45 పెట్టుకుని ఆ గీత వెంట నడిపిస్తారు. మధ్యాహ్నం కిటికీ పక్కన తీసుకున్న ఆ అంకెలు ట్యూబ్‌లైట్ల హాల్లో పనికిరావు. అక్కడికి వెళ్లగానే కొత్తగా కొలిచి మార్చుకోవడం ముగ్గురికీ వచ్చి ఉండాలి. క్లాస్‌రూమ్‌లో, వరండాలో, హాల్లో, ఇలా మూడు చోట్లా నడిపి చూడమనండి. మన దుమ్ము సంగతి తెలిసిందే. ప్రతి రన్‌కి ముందు టైర్లు తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే మలుపుల్లో జారతాయి.

ఇంకొకటి, రెండు సెకన్లు ముందుకి పో అని రాసిన ప్రోగ్రామ్ చార్జింగ్ తగ్గగానే మోసం చేస్తుంది. సెకన్లలో కాకుండా చక్రం ఎన్ని చుట్లు తిరగాలో చెప్పాలి. 5.6 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 17.6 సెంటీమీటర్లు పోతుంది. స్కూల్లో నేర్చుకున్న వృత్తం చుట్టుకొలతే ఇది. ఆ లెక్క మీ అమ్మాయి చేత వాళ్ల నాన్న ముందు చేయించండి.

టెన్త్ గురించి మీవారి టెన్షన్ న్యాయమైనదే. అంతర్జాతీయ ఫైనల్ మామూలుగా నవంబర్‌లో జరుగుతుంది, ఇక్కడి పోటీలు అంతకంటే ముందే అయిపోతాయి. బోర్డు పరీక్షలు మార్చిలో. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు చాలు. పోటీకి ముందు రెండు వారాలు కాస్త ఎక్కువ పడుతుంది. యూనిట్ టెస్టుల వారం వస్తే మాత్రం ప్రాక్టీస్ ఆపేయాలని సార్‌తో ముందే మాట్లాడుకోండి.

నోట్సు రాసే పని మానేయనివ్వకండి, అయితే దాన్ని ముగ్గురూ పంచుకోవాలి. ఈ రోజు ఏం మార్చాం, ఎందుకు మార్చాం, ఏమైంది అని మూడు వాక్యాలు రాస్తే చాలు. రేపు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలోనో, విదేశాల్లో చదువుకి దరఖాస్తు చేసేటప్పుడో ఏం చేశావని అడిగితే సర్టిఫికెట్ కంటే ఆ నోటుబుక్కే ఎక్కువ చెబుతుంది.

సార్‌ని ఫిర్యాదులా అడక్కండి. చాలామంది టీచర్లు పిల్లలు గెలవాలన్న తపనతోనే పని తమ చేతుల్లోకి తీసుకుంటారు. "ఈ శనివారం గీత వెంట నడిపే ప్రోగ్రామ్ మా అమ్మాయి చేత మొదటినుంచీ రాయించండి సార్, తప్పులొచ్చినా ఫరవాలేదు" అనండి. మిగతా ఇద్దరి అమ్మలతోనూ ఒక మాట అనుకుని ముగ్గురూ కలిసి వెళితే ఇంకా మంచిది.