స్టేషన్ వైఫైకి ఫోన్ తనంతట తానే లాగిన్ అవుతుందా?

సికింద్రాబాద్, విజయవాడ స్టేషన్లలో రైల్‌వైర్ అనే ఉచిత వైఫైకి ప్రతిసారీ నంబరు, ఓటీపీ కొట్టకుండా కుదరదా అని అడిగారు. ఓటీపీ అడిగే చోట దాన్ని పూర్తిగా తప్పించుకోవడం కుదరదు. అందుకోసం ఎస్సెమ్మెస్‌లు చదువుతానని అడిగే యాప్‌లకు అనుమతి ఇవ్వకండి. రోజుకు 30 నిమిషాల ఉచిత నెట్ కోసం బ్యాంకు ఓటీపీలు కూడా వాటి చేతిలో పెట్టినట్టవుతుంది.

అసలు ఎక్కువమంది ఇరుక్కునేది టైపు చేయడం దగ్గర కాదు, లాగిన్ పేజీ రాకపోవడం దగ్గర. వైఫై తగలగానే ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్ సర్వర్‌ని పలకరించి 204 అనే జవాబు (నెట్ పనిచేస్తోందని గుర్తు) కోసం చూస్తుంది. ఐఫోన్ ఆపిల్ సర్వర్‌ని అడుగుతుంది. మరో జవాబు వస్తే ఆండ్రాయిడ్ 'సైన్ ఇన్' నోటిఫికేషన్ వేస్తుంది, ఐఫోన్ లాగిన్ పేజీనే తెరుస్తుంది. ఆండ్రాయిడ్‌లో సైట్ల చిరునామాలు వెతికిపెట్టే సర్వర్‌ని ఎంచుకునే 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' సెట్టింగులో మీరు ఏదైనా సర్వర్ పేరు రాసి ఉంటే, లాగిన్ కాకముందు ఆ సర్వర్ అందదు, పేజీ రాకపోవచ్చు. దాన్ని 'ఆటోమేటిక్'కి మార్చండి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే వీపీఎన్‌నీ కాసేపు ఆపండి. అప్పటికీ రాకపోతే బ్రౌజర్‌లో నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ తెరవండి. అది ఎన్‌క్రిప్షన్ లేని హెచ్‌టీటీపీ సైటు కాబట్టి పోర్టల్ (వైఫై లాగిన్ పేజీని నడిపే వ్యవస్థ) దాన్ని తన పేజీకి మళ్లించగలదు. హెచ్‌టీటీపీఎస్ సైటు కొడితే సర్టిఫికెట్ హెచ్చరికో, ఎర్రరో వస్తుంది.

కేఫ్‌లు, హోటళ్ల పోర్టళ్లు చాలావరకు ఫోన్‌ని మ్యాక్ అడ్రస్‌తో (వైఫైకి ఫోన్ చూపే గుర్తింపు నంబరు) గుర్తుపెట్టుకుంటాయి. ఐఓఎస్ 18లో ఆ నెట్‌వర్క్ పక్కనున్న 'ఐ' గుర్తు నొక్కి, ప్రైవేట్ వైఫై అడ్రస్ 'రొటేటింగ్'లో ఉంటే 'ఫిక్స్‌డ్' చేయండి. లేకపోతే రెండు వారాలకోసారి అడ్రస్ మారి, మళ్లీ మొదటికొస్తుంది. ఆటో జాయిన్, ఆటో లాగిన్ మీటలూ అక్కడే ఉంటాయి.

విదేశీ సిమ్‌తో దిగిన మనవాళ్లకు ఆ ఓటీపీ కూడా రాక, స్టేషన్లో నెట్ ఉండీ లేనట్టే. ఇది నిజంగా అన్యాయం.

నిజమైన ఆటో లాగిన్ అంటే ఎడ్యురోమ్ (యూనివర్సిటీల ఉమ్మడి వైఫై), పాస్‌పాయింట్ (ఒకసారి పెట్టుకున్న ఐడీతో ఫోన్ తనంతట తానే కలిసే వైఫై పద్ధతి). మన దేశంలో ఎర్నెట్ అనే విద్యా, పరిశోధన నెట్‌వర్క్ సంస్థ చూసే ఎడ్యురోమ్‌ని మీ యూనివర్సిటీ ఐడీతో ఒక్కసారి పెట్టుకుంటే, ఆ సౌకర్యం ఉన్న ఏ దేశపు క్యాంపస్‌లోనైనా ఫోన్ జేబులో ఉండగానే కనెక్ట్ అవుతుంది. సెటప్‌లో సర్టిఫికెట్ తనిఖీని మాత్రం 'డోంట్ వాలిడేట్' అని వదిలేయకండి. పాస్‌వర్డ్ అడిగే సర్వర్ అసలుదో కాదో ఫోన్ తేల్చుకునేది దానితోనే. తాళం లేని స్టేషన్ వైఫైలో ఆ రక్షణ లేదు, అదే పేరుతో ఎవరు హాట్‌స్పాట్ పెట్టినా ఫోన్ వెళ్లి అతుక్కుంటుంది. రైలెక్కాక అలాంటి నెట్‌వర్క్‌కి ఆటో కనెక్ట్ తీసేయండి.