బాల్‌పెన్నుతో రాసినవే మిగిలాయి

అమ్మాయ్,

నీ ఉత్తరం, అదే, నీ పొడుగాటి వాట్సాప్ మెసేజ్, రెండుసార్లు చదివాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌లో మీ కింది పోర్షన్‌లోకి వచ్చి నోటుబుక్కులన్నీ నానిపోయాయని, అప్పట్నుంచి ఒక్క కథా పూర్తవలేదని, ఎలాగో పూర్తి చేసి పంపిన ఒక్కటీ పత్రిక వాళ్ళు వద్దన్నారని రాశావు. చివర్లో "కష్టాలే మనిషిని రచయితను చేస్తాయంటారు కదా సార్, మరి నన్నెందుకు చెయ్యలేదు" అని అడిగావు చూడు, అక్కడ నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే బాధా వేసింది.

కష్టం ఎవర్నీ రచయితని చెయ్యదమ్మా. చేసేదే అయితే మా వీధిలో ఇంటికొక రచయిత ఉండేవాడు. జాషువా గారు పేదరికాన్నీ కులభేదాన్నీ తన గురువులన్నారు, నిజమే. కానీ ఆ గురువులకి ఆయన దణ్ణం పెట్టి కూర్చోలేదు. గబ్బిలాన్ని గుళ్ళోకి రానిచ్చి మనిషిని గుమ్మం దగ్గరే ఆపేసే లోకాన్ని 1941లో 'గబ్బిలం' కావ్యం రాసి నిలదీశారు. కాబట్టి నీకూ ఆ హక్కుంది. ముందు కరువుతీరా తిట్టుకో.

నా సంగతి చెబుతాను. 2009 అక్టోబర్ 2న కర్నూల్లో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్ళోకి వచ్చేశాయి. మేం అప్పుడు పాతబస్తీలో ఉండేవాళ్ళం. పిల్లల్నీ, మా అమ్మనీ, గ్యాస్ సిలిండర్నీ మిద్దె ఎక్కించాను (సిలిండర్ ఎందుకో ఇప్పటికీ తెలీదు), కథలున్న ట్రంకు పెట్టె మాత్రం మంచం కిందే ఉండిపోయింది. నీళ్ళు తగ్గాక తెరిచి చూస్తే లోపలంతా బురద. మొత్తం పదకొండు కథలు. నేను మురిసిపోతూ ఇంకుపెన్నుతో రాసినవన్నీ నీలం మరకలైపోయాయి, చవకబారు బాల్‌పెన్నుతో గబగబా గీకిన వాటిల్లోనే అక్షరాలు నిలబడ్డాయి. తీగ మీద క్లిప్పులు పెట్టి కాగితాలు ఆరేస్తుంటే "దుప్పట్లే ఇంకా ఆరలేదు, నీ కాగితాలేందిరా" అని మా అమ్మ కేకలేసింది.

నాలుగు కథలు మళ్ళీ రాయగలిగాను. ఏడు పోయాయి. గుర్తులేదంటే అవి అంత మంచివి కావులే అని ఒక మిత్రుడు ఓదార్చాడు. శుద్ధ అబద్ధం. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల్ని అమ్ముకున్న రైతు కథ ఒకటుండేది అందులో, నేను రాసిన అన్నిట్లోకీ అదే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను, మొదటి వాక్యం తప్ప ఇంకేం గుర్తులేదు. అంతా మన మంచికే అనే మనిషి నీ దగ్గరికొస్తే కాఫీ ఇచ్చి పంపించెయ్.

ఆ తర్వాత నెలా నెలన్నర పెన్ను ముట్టలేదు. మళ్ళీ పట్టించింది సాహిత్యం కాదు, అర్జీలు. నష్టపరిహారానికి కాగితం రాసిపెట్టమని వీధి వాళ్ళొచ్చేవారు. బియ్యం రెండు బస్తాలు, మిక్సీ ఒకటి, కుట్టుమిషన్ ఒకటి, ఇలా సాగేది. ఒక ముసలామె వచ్చి "మా ఆయప్ప ఫోటో గూడా రాయి నాయనా, ఒగటే ఉండె" అంది. ఫోటోకి డబ్బులియ్యరవ్వా అంటే, "ఇయ్యకపోతే పాయె. పోయిందని యాడన్నా రాసుండాల గదా" అంది. ఆ రాత్రి ఆ మాట ఒక్కటీ నా నోటుబుక్కులో రాసుకున్నాను. కథేం కాదు, ఊరికే రాసుకున్నానంతే. మర్నాడు ఇంకో రెండు ముక్కలు.

నువ్వూ ఇప్పుడప్పుడే వరద కథ రాయకు. గోడ మీద నీళ్ళ గీత ఎంత ఎత్తులో ఉంది, కిందికి దిగగానే ఏ వాసన కొట్టింది, పాల ప్యాకెట్లు ఎవరు తెచ్చారు, మీ నాన్న ఎన్ని రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, ఇవి రాసిపెట్టుకో. కన్నీళ్ళ గురించి ఒక్క ముక్కా వద్దు.

ఇంకోటుంది, నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నది. 1948లో దాశరథి గారు నిజామాబాద్ జైల్లో పళ్ళు తోముకోమని ఇచ్చిన బొగ్గుతో గోడ మీద నిజాంకి వ్యతిరేకంగా పద్యాలు రాస్తే జైలు వాళ్ళు చెరిపేసేవారు. అదే జైల్లో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి వాటిని కంఠతా పట్టారు. ఇది చెప్పుకునేటప్పుడు మనం దాశరథి ధైర్యం దగ్గరే ఆగిపోతాం. నాకైతే ఆ పక్కన కూర్చుని బట్టీపట్టిన మనిషే కనిపిస్తాడు. హోటల్లో సర్వరుగా చేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకెళ్ళి అమ్మిన మనిషి. 1949లో వచ్చిన తన కవితా సంపుటి 'అగ్నిధార'ని దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. నా ట్రంకు పెట్టెలోని కథలు మాత్రం నేను తప్ప ఇంకెవ్వరూ చదవలేదు. సిగ్గు కొంత, పొగరు కొంత. ఎవరైనా చదివుంటే ఆ ఎద్దుల రైతు సగమైనా మిగిలేవాడు. అందుకే గుండె రాయి చేసుకో అని నీకు చెప్పను. నీ రాతలు చదివి, బాగోలేకపోతే మొహం మీదే చెప్పే మనిషిని ఒక్కర్ని వెతుక్కో. ఉద్యోగం మాత్రం మానకు.

పత్రిక వద్దన్నదానికి అంత టెన్షన్ అక్కర్లేదు. మా రోజుల్లో తిరుగు స్టాంపులు పెట్టి మరీ పంపేవాళ్ళం, అంటే మన కథ వెనక్కి రావడానికి చార్జీలు మనమే కట్టేవాళ్ళమన్నమాట. నావి పందొమ్మిది వచ్చాయి. కవరు బరువు చూసి మా పోస్ట్‌మ్యానే ముందు మొహం చిన్నబుచ్చుకునేవాడు.

నానిపోయిన వాటిలో ఒక నోటుబుక్కు చివరి పది పేజీలు ఇంకా చదవడానికొస్తున్నాయన్నావు కదా. వాటిమీద ఇస్త్రీ పెట్టె పెట్టకు, నేను పెట్టి రెండు పేజీలు మాడ్చుకున్నాను. ఫోటోలు తీసి ఆదివారంలోపు నాకు పంపు. కళ్ళజోడు కొత్తది, చిన్న అక్షరాలైనా పర్లేదు.