మానసిక ఆరోగ్య సంస్థకి విరాళం ఇచ్చేముందు పన్నెండో నెల లెక్క అడగండి

ప్రశ్న: మాది కావలి. మా టెన్త్ బ్యాచ్ వాళ్ళం కలిసి మానసిక ఆరోగ్యం మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకి ఏడాదికి 60 వేలు ఇద్దామనుకుంటున్నాం. వాళ్ళ వార్షిక నివేదిక నిండా శిబిరాలు, ర్యాలీల ఫొటోలే. ఇలాంటి సంస్థలు ఏడాది పొడుగునా ఏం చేస్తాయి? ఏం చూసి ఇవ్వాలి?

జవాబు:

ఫొటోలు పక్కన పెట్టి ఒక్క లెక్క అడగండి. నిరుడు ఏప్రిల్లో మందులు మొదలుపెట్టినవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఈ ఏప్రిల్‌కి ఇంకా వాడుతున్నవాళ్ళు ఎంతమంది? తడుముకోకుండా ఈ రెండంకెలు చెప్పగలిగితే అది పనిచేసే సంస్థే. చెప్పలేకపోతే అక్కడ జరిగేదంతా మొదటి రోజు పనే.

శిబిరం పెట్టడం తేలిక. ఒక టెంటు, మైకు, నెల్లూరు నుంచి ఒక సైకియాట్రిస్టు, మధ్యాహ్నానికి పులిహోర పొట్లాలు ఉంటే చాలు. వచ్చినవాళ్ళలో చాలామంది నిద్ర పట్టడం లేదనో ఒళ్ళు నొప్పులనో వస్తారు. అసలు చూడాల్సిన మనిషి ఇంట్లో వెనకగదిలోనే ఉండిపోతాడు. వాళ్ళమ్మ ఒక్కతే వచ్చి, జనం పలచబడ్డాక, గొంతు తగ్గించి "మావాడికి గాలి సోకిందయ్యా, తనలో తనే మాట్లాడుకుంటాడు" అంటుంది. ఆ మాట విని ఊరి పేరు, వీధి రాసుకుని మర్నాడు ఆ ఇంటికి వెళ్ళే మనిషి ఉన్నాడా లేడా అన్నదే ముఖ్యం. ఆశా కార్యకర్తతో కలిసి వెళితే తలుపు తొందరగా తెరుస్తారు.

మందు మొదలయ్యాక ఎక్కువగా చెడేది మొదటి వారంలోనే. తనలో తనే మాట్లాడుకోవడం, లేనిపోని అనుమానాలు లాంటి జబ్బుకి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి పాత మందులతో, ముఖ్యంగా వయసు కుర్రాళ్ళకి, మొదటి నాలుగైదు రోజుల్లో ఉన్నట్టుండి మెడ ఒక పక్కకి లాగేయవచ్చు. కళ్ళగుడ్లు పైకి పోయి అక్కడే నిలబడతాయి. దవడ బిగుసుకుంటుంది, మాట ముద్దముద్దగా వస్తుంది. అది రాత్రి పదకొండు గంటలప్పుడు వచ్చిందనుకోండి. ఇంట్లోవాళ్ళకి లోపలున్నదేదో తిరగబడినట్టే కనపడుతుంది. "ఇంగ్లీషు మందుకి అదింకా రెచ్చిపోయిందే" అని మేనమామ అంటాడు. తెల్లారకముందే ఆటో మాట్లాడుకుని ఏఎస్ పేట దర్గాకో కసుమూరు దర్గాకో బయల్దేరతారు. బిళ్ళల పొట్లం పెంటదిబ్బ మీదకి పోతుంది, మళ్ళీ ఆ ఇంట్లో ఆ మందు పేరెత్తనివ్వరు. నిజానికి అది మందు వల్ల కండరాలు పట్టేయడం. ప్రోమెథజైన్ సూది ఒకటి వేస్తే చాలామందికి అరగంటలో మెడ సర్దుకుంటుంది. పని తెలిసిన సంస్థ ఆ సూది దగ్గర్లో రాత్రిపూట ఏ ఆస్పత్రిలో దొరుకుతుందో ముందే కనుక్కుని చీటీ వెనక రాసిస్తుంది. ఇలా పట్టేయకుండా ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ బిళ్ళ తోడు కావాలేమో డాక్టరుని అడుగుతుంది. మెడ లాగొచ్చని కుర్రాడికే కాదు, వాళ్ళమ్మకీ మేనమామకీ చెబుతుంది. మూడో రోజు సాయంత్రం తనే ఫోను చేస్తుంది. మీ సంస్థని ఆ మూడో రోజు ఫోను ఎవరు చేస్తారో అడగండి.

రెండో నెల ఇంటికెళ్ళినప్పుడు "బిళ్ళలు వేసుకుంటున్నాడా?" అని అడిగితే ఎవరైనా ఆఁ అనే అంటారు. "పెద్దమ్మా, ఆ బిళ్ళల డబ్బా ఇటు తీసుకురా, చూద్దాం" అనాలి. రోజుకొకటి చొప్పున 30 ఇచ్చి, 26 రోజులు గడిచాక వెళితే 4 మిగలాలి. 15 మిగిలాయంటే తిట్టకుండా కారణం పట్టుకోవాలి. పొద్దున వేసుకుని పొలంలో తూగుతుంటే డాక్టరుని అడిగి రాత్రికి మార్పించొచ్చు. ఒలాంజపిన్‌తో ఆకలి పెరిగి ఒళ్ళు వస్తుంటే బరువు, షుగరు చూడాలి, అవసరమైతే మందు మార్పించాలి. పెళ్ళిచూపులకి వస్తున్నారని డబ్బా దాచేస్తే పెద్దవాళ్ళతో విడిగా కూర్చోవాలి. అన్నిటికంటే చెరుపు చేసేది, తల్లి బిళ్ళని పొడి చేసి చారులో కలపడం. మనకి "మందు పెట్టడం" అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు కదా. తనకెవరో మందు పెడుతున్నారని భయపడే మనిషికి ఆ చారు చేదు తగిలిందంటే, అతని అనుమానం నిజమైపోతుంది. ఆ రోజు నుంచి అమ్మ చేతి అన్నమే ముట్టడు. దాని బదులు నెలకోసారో రెండు వారాలకోసారో వేసే సూది ఉందని అతనికే చెప్పి ఒప్పించాలి.

మూడ్ మరీ పైకీ మరీ కిందకీ పోయే బైపోలార్ జబ్బుకి లిథియం వాడేవాళ్ళని రోహిణి కార్తెలో విడిగా చూసుకోవాలి. చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాల్సింది 1.5 దాటిందంటే ఆస్పత్రికే. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, అడుగు తడబడడం గుర్తులు. దీన్ని వడదెబ్బ అనుకుని పడుకోబెడతారు. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని మింగినా అలాగే పెరగొచ్చు. ఆ షాపుల్లోనే చీటీ లేకుండా ఏళ్ళ తరబడి నిద్రమాత్రలు అమ్ముతుంటారు, దాని మీద ఒక్క ర్యాలీ జరగదు.

ర్యాలీ అన్నాను కాబట్టి చెప్తున్నా. ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని అక్టోబరు 10న బ్యానరు పట్టుకుని నడవడం వల్ల నష్టమేమీ లేదు. కానీ ఒంగోలు, టంగుటూరు, పొదిలి, కనిగిరి వైపు పనిచేసే సంస్థ పొగాకు వేలం కేంద్రాల తేదీలు చూసుకుని తిరగాలి. 2015లో ధర పడిపోయినప్పుడు ప్రకాశంలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. బేళ్ళకి నోబిడ్ పడిన, అంటే వేలంలో ఎవరూ కొనని రోజు సాయంత్రం పలకరించే మనిషి కావాలి. పురుగుమందు డబ్బా ఇంట్లో చేతికందేచోట ఉండకూడదు. చెన్నైకి చెందిన స్నేహ సంస్థ కడలూరు జిల్లాలో డబ్బాలన్నీ ఊళ్ళో ఒకేచోట, తాళం వేసిన లాకర్లలో పెట్టించి చూసింది. ఇక్కడా ఒక రైతు సంఘం గదిలో అది చేయొచ్చు. ఎవరైనా ప్రాణం తీసుకోబోయి బతికితే, పోలీసు కేసవుతుందని ఆస్పత్రిలో "పొరపాటున తాగాడు" అని రాయిస్తారు, దాంతో కౌన్సెలింగ్ అందదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరే విధంగా రుజువైతే తప్ప, అతను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. ఈ మాట ఊళ్ళో చెప్పాలి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను సాయం 14416 నంబరు కూడా గోడ మీద రాయించాలి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

దర్గాకి వెళ్ళేవాళ్ళని వద్దని దెబ్బలాడే సంస్థ ఎక్కువకాలం నిలవదు. "మొక్కు తీర్చుకోండమ్మా, రాత్రి బిళ్ళ మాత్రం మానొద్దు" అంటే వింటారు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గాలో దువా (ప్రార్థన)తోపాటు దవా (మందు) కూడా అక్కడే ఇచ్చే ఏర్పాటు చేశారు. ఒప్పుకోకూడనిది గొలుసు ఒక్కటే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులని ఉంచిన షెడ్డుకి మంటలంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. 2017 చట్టం 95వ సెక్షన్ గొలుసులని ఏ రూపంలోనూ ఒప్పుకోదు.

పింఛను పని ఫొటోకి పనికిరాదు కాబట్టి నివేదికలో కనపడదు, కానీ ఇంటికి అదే ఆధారం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా వైకల్యమే. 40 శాతం, అంతకుమించి ఉంటే సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం), దానితో పింఛను. 2024 జులై నుంచి అది నెలకి 6,000 రూపాయలు. శాతం లెక్కగట్టే ఐడియాస్ స్కేలులో తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం అని నాలుగు చూస్తారు, జబ్బు ఎన్నాళ్ళ నుంచి ఉందో కూడా లెక్కే. అందుకే ఓపీ చీటీలన్నీ తేదీల వరుసన ప్లాస్టిక్ కవరులో పెట్టించాలి. తల స్నానం చేయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి తీసుకెళ్ళి, డాక్టరు అడిగితే పరువు కోసం "బాగానే ఉన్నాడు సార్" అని నాన్నే అంటాడు. శాతం అక్కడే పడిపోతుంది. సదరం క్యాంపుకి ముందురోజు ఇంట్లో కూర్చుని, నెలలో ఎన్ని రోజులు స్నానం చేశాడు, ఎన్ని రోజులు పనికెళ్ళాడు అని కాగితం మీద రాయించాలి.

ఇక మీ 60 వేలు. ఒకేసారి అక్టోబరులో ఇస్తే టెంటుకీ బ్యానర్లకీ పోతుంది. నెలకి 5 వేల చొప్పున ఇచ్చి, కార్యకర్త బస్సు చార్జీలకి, ప్రభుత్వ ఆస్పత్రిలో సరుకు అయిపోయిన నెల కొనాల్సిన జనరిక్ మందులకి అని చెప్పి ఇవ్వండి. నవంబరు నెల డబ్బుతో మాత్రం ప్రతి ఇంటికీ ఇంకో 15 రోజుల బిళ్ళలు ఎక్కువ ఇప్పించమనండి. అవి అమ్మ దగ్గర ఉండాలి. తుఫాను వచ్చి రోడ్లు తెగితే, చేపలరేవుల వాళ్ళకి మొదట ఆగిపోయేది మందే.