పాటల కార్యక్రమం కలిపిన స్నేహాలు: మా అమ్మాయి సమయం వృథా అవుతోందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయికి 19 ఏళ్లు, ఇక్కడే బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి టీవీలో ‘పాడుతా తీయగా’ అంటే ప్రాణం. ఆ ఇష్టం వల్లనే తిరుపతి, శ్రీకాళహస్తి, నెల్లూరు వాళ్లు ఏడెనిమిది మంది పరిచయమయ్యారు. మొదట్లో పాటల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఏడాదిగా అందరూ కలిసి నెలకు రెండు ఆదివారాలు తిరుపతిలో చూపు లేని విద్యార్థులుండే ఒక వసతిగృహానికి వెళ్లి, వాళ్ల పాఠ్యపుస్తకాలను పైకి చదివి రికార్డు చేస్తున్నారు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా దానికి సంబంధించిన రాతకోతలే. తన నోటుపుస్తకంలోని రెండు పేజీల ఫొటోలు పంపుతున్నాను, చూడండి. ఈ సమయం బ్యాంకు పరీక్షలకు పెడితే ఉద్యోగమైనా వస్తుంది కదా? టీవీ వల్ల ఏర్పడిన పరిచయాలను ఎంతవరకు నమ్మవచ్చు? ఇంతకుముందు కాలేజీలో ఎవరితోనూ కలిసేది కాదు.
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీరు ఫిర్యాదుకు ఆధారంగా పంపిన ఆ రెండు పేజీలనే నేను అన్నిటికంటే ముందు చదివాను. ఎడమ పేజీలో గళ్లు గీసి పాఠం పేరు, పుటలు, చదివినవారు, నిమిషాలు, మళ్లీ చదవవలసిన చోట్లు అని అయిదు శీర్షికలు పెట్టుకుంది. చివరి గడిలో ఎర్ర సిరాతో ‘వ్యయం అన్నచోట ఒత్తు వినబడలేదు’, ‘పట్టికలో మూడో వరుస దాటిపోయాం’, ‘ఫ్యాను చప్పుడు’ అని రాసి ఉంది. కుడి పేజీలో ఇంటర్ అర్థశాస్త్రంలోని డిమాండు రేఖను మాటల్లో చెప్పడానికి నాలుగుసార్లు ప్రయత్నించి మూడింటిని కొట్టివేసింది. నాలుగోది ఇలా ఉంది: ‘నిలువు గీత మీద ధర, అడ్డగీత మీద కొనే పరిమాణం ఉన్నాయనుకోండి. మన రేఖ ఎడమవైపు పైన మొదలై కుడివైపుకు జారుతూ కిందికి వస్తుంది. దాని వెంట వేలిని కిందికి తెస్తే ధర తగ్గుతుంది, అదే సమయంలో వేలు కుడికి జరుగుతుంది కాబట్టి కొనే పరిమాణం పెరుగుతుంది.’ దాని పక్కన చిన్న అక్షరాలతో ‘బల్ల మీద వేలితో గీయించి చూడాలి’ అని రాసుకుంది.

కామర్స్ చదివేవారిలో ఆ రేఖను కాగితం మీద గీయగలవారు చాలామంది ఉంటారు. దాన్ని ఎన్నడూ చూడలేని విద్యార్థికి చెవి ద్వారా అర్థమయ్యేలా చెప్పాలంటే మాత్రం, చెప్పేవారికి ఆ విషయం అడుగుదాకా తెలిసి ఉండాలి. మీ అమ్మాయి మూడుసార్లు కొట్టివేసి నాలుగోసారి రాసిన ఆ మూడు వాక్యాల్లో ఆమె చదువు ఉంది, ఎదుటివారి అవసరాన్ని గుర్తించే గుణం ఉంది, తన పనిలోని తప్పును తానే పట్టుకునే అలవాటు ఉంది. ఇరవయ్యేళ్లుగా విద్యార్థులతో మాట్లాడుతున్న నాకు ఇటువంటి పేజీలు తరచుగా కనబడవు, అందుకే మీ ప్రశ్నలోని ‘వృథా’ అన్న మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను.

తప్పును పట్టే ఆ చెవి ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమాన్ని శ్రద్ధగా చూసినవారికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పద్ధతి బాగా గుర్తుంటుంది. పాట ముగిశాక ముందు పాడినవారిని మెచ్చుకుని, ఆ తర్వాత ఏ అక్షరం నలిగిందో, ఎక్కడ ఊపిరి తీసుకుని ఉంటే బాగుండేదో నొప్పించకుండా చెప్పేవారు. పాట రాసినవారిని, స్వరపరచినవారిని పేరుపేరునా తలచుకునేవారు. మన ప్రాంతానికి ఆయన పరాయివారు కూడా కారు, బాల్యంలో కొంతకాలం నగరిలోనూ, తర్వాత శ్రీకాళహస్తిలోనూ, పీయూసీ తిరుపతిలోని ఆర్ట్స్ కళాశాలలోనూ చదువుకున్నారు. 2020 సెప్టెంబరు 25న ఆయన మరణించాక కుమారుడు చరణ్ ఆ కార్యక్రమాన్ని కొనసాగించారు. ఇన్నేళ్లు ఆ సవరింపులను వింటూ పెరిగిన అమ్మాయి, ‘వ్యయం’లో ఒత్తు పోయిందని పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. చూపు లేని విద్యార్థికి ఆ పదం అచ్చులో కనబడదు, విన్నదే అతని పుస్తకం కాబట్టి, అక్కడ ఉచ్చారణ దోషం అచ్చుతప్పుతో సమానం. వినోదంగా అలవడిన జ్ఞానం ఇలా సూటిగా ఒకరి చదువుకు అక్కరకు రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఇక మీ లేఖ చివర ఒకే వాక్యంగా రాసిన మాట గురించి. ‘ఇంతకుముందు కాలేజీలో ఎవరితోనూ కలిసేది కాదు’ అన్నారు. నా దృష్టిలో మీ లేఖలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. మీ అనుమతితో ఆమెతో ఫోనులో మాట్లాడినప్పుడు, తనకు కొత్తవారితో ఏం మాట్లాడాలో తోచేది కాదని, ఈ బృందంలో మాత్రం ఆ ఇబ్బంది మొదటి రోజు నుంచీ లేదని చెప్పింది. మితభాషికి ‘నీ గురించి చెప్పు’ అన్న మాట కంటే ‘నిన్న ఆ అబ్బాయి రెండో చరణం ఎలా పాడాడు?’ అన్న ప్రశ్న ఎంతో తేలిక, ఎందుకంటే ఆ ప్రశ్నలో తనను తాను పరిచయం చేసుకోవలసిన భారం ఉండదు. ఇద్దరూ ఇష్టపడే మూడో విషయం ఒకటి మధ్యలో ఉంటే మాట దానంతటదే సాగుతుంది. పైగా ఆ ఎనిమిది మందిలో శ్రీకాళహస్తికి చెందిన విశ్రాంత తెలుగు పండితుడు ఉన్నారు, తిరుపతిలో నర్సింగ్ చదివే అమ్మాయి ఉంది, నెల్లూరులో జిరాక్స్ దుకాణం నడిపే ఆయన ఉన్నారు. తరగతి గదిలో అందరూ ఒకే వయసువారు, అందరూ ఒకే మార్కుల కోసం పోటీపడేవారు. ఇక్కడ ఆమె ఒక పుట తప్పుగా చదివితే ఆ పండితులు మూడుసార్లు చదివించారట, ఎవరూ నవ్వలేదట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో వినబడిన ధైర్యాన్ని మీరు కూడా వినాలని నాకు అనిపించింది. ఈ స్నేహాలు ఉద్యోగానికి ఉపయోగపడకపోయినా విలువైనవే.

టీవీ కార్యక్రమం మీది అభిమానం పనిగా మారడం మీ ఇంటితోనే మొదలు కాలేదు. అమెరికాలో 1966లో ప్రసారం మొదలైన ‘స్టార్ ట్రెక్’ అనే టీవీ ధారావాహిక ఆగిపోతుందన్న భయంతో అభిమానులు వేలకొద్దీ ఉత్తరాలు రాయించారు, 1968 మార్చి 1న దాన్ని ప్రసారం చేస్తున్న చానలు, కార్యక్రమం కొనసాగుతుందని తెరమీదే ప్రకటించవలసి వచ్చింది. మనకైతే సేవ అన్న మాటను వివరించనక్కర లేదు, తిరుమలలో 2000 సంవత్సరం నుంచి నడుస్తున్న శ్రీవారి సేవలో ఎందరో తమ ఊళ్లవారితో జట్టుగా వచ్చి అన్నప్రసాదం దగ్గరా, క్యూలైన్ల దగ్గరా పనిచేసి వెళుతున్నారు. మీ అమ్మాయి బృందానికి ఒకే ఊరు లేదు, ఒకే కార్యక్రమం ఉంది, తేడా అంతే.

ఇప్పుడు బ్యాంకు పరీక్షల సంగతి. ప్రభుత్వ బ్యాంకులకు సిబ్బందిని ఎంపిక చేసే ఐబీపీఎస్ సంస్థ నిర్వహించే క్లర్కు పరీక్షకు (ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు) కనీస వయసు 20 ఏళ్లు, డిగ్రీ పూర్తయి ఉండాలి. కాబట్టి ఆమె ఇప్పుడే రాయగలిగినది కాదు, తయారీకి తగినంత వ్యవధి ఉంది. ప్రిలిమినరీ పరీక్షలో ఇంగ్లిషు, న్యూమరికల్ ఎబిలిటీ, రీజనింగ్ కలిపి 100 ప్రశ్నలకు 60 నిమిషాలే ఉంటాయి. ఈ వేగం నెలకు రెండు ఆదివారాలను త్యాగం చేస్తే వచ్చేది కాదు, రోజూ ఒక గంట తప్పకుండా కూర్చుంటేనే వస్తుంది. ఉదయం ఆరు నుంచి ఏడు వరకు అన్నట్లుగా ఆ గంటను ఆమె చేతనే నిర్ణయింపజేసి, వారంలో ఆరు రోజులు అది జరుగుతోందా లేదా అన్నది మాత్రం మీరు గమనించండి. రికార్డింగు రాతలకు సాయంత్రం అరగంటకు మించి పెట్టవద్దని ఆమెకు నేను చెప్పాను, ఒప్పుకుంది. ఆ విషయంలో మీ ఆందోళనలో న్యాయం ఉంది: గత సెమిస్టరులో మార్కులు కొంత తగ్గాయని ఆమే చెప్పింది.

అయితే బ్యాంకు ఒక్కటే దారి అనుకోవద్దు. ఈ పని ఆమెకు నిజంగా నచ్చితే ప్రత్యేక విద్య అనే రంగం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చదివి, ఆ మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. దృష్టి లోపం ప్రధానాంశంగా స్పెషల్ బీఈడీ చేయవచ్చు, కానీ చేరే ముందు ఆ కళాశాలకు మండలి గుర్తింపు ఉందో లేదో, బీకాం వారికి అర్హత ఇచ్చారో లేదో ప్రవేశ ప్రకటనలో స్వయంగా చూసుకోవాలి. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. అందువల్ల ఈ విద్య తెలిసినవారి అవసరం పెరిగింది. సమాజ సేవలో పీజీ చేయాలనుకుంటే తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయనాలు, సోషల్ వర్క్ విభాగం ఉంది. దూరం వెళ్లగలిగితే 1936లో ఏర్పడిన ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఉంది.

బీకాం చదివినవారికి వీటికి తోడు మరో దారి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల రూపాయల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీలు తమ మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ ఖర్చును ప్రణాళిక వేసి, లెక్క చూపి, క్షేత్రంలో పని జరిగిందో లేదో పరిశీలించేవారు కావాలి. లెక్కలు తెలిసి, ఒక వసతిగృహంలో పని నిజంగా ఎలా జరుగుతుందో చూసినవారు ఆ పనికి చక్కగా సరిపోతారు. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో ఎన్నో కంపెనీలున్న మన ప్రాంతంలో ఈ అవకాశాన్ని గుర్తుంచుకోవాలి. చదివే గొంతు బాగుందని ఆకాశవాణి తిరుపతి కేంద్రంలో క్యాజువల్ అనౌన్సరుగా ఆడిషన్ ఇవ్వాలన్న కోరిక కూడా ఆమెకు ఉంది. ప్రకటన వచ్చినప్పుడు తప్పక ఇవ్వనివ్వండి, అయితే అది డ్యూటీకి ఇంత అని చెల్లించే పని కాబట్టి జీవనాధారంగా లెక్కించవద్దు.

ఇవన్నీ సాధ్యం కావాలంటే ఆమె చేసిన పనికి కాగితం మీద ఆధారం ఉండాలి, ప్రస్తుతం లేనిది అదే. వసతిగృహం వార్డెన్ నుంచి అనుమతి లేఖ, తేదీలు, గంటలతో సంతకం చేసిన రిజిస్టరు ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి. ఆమె కాలేజీలో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) యూనిట్ ఉంటే చేరమనండి, అందులో ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ చేసినవారికి ధ్రువపత్రం వస్తుంది. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు రెండో సంవత్సరం తర్వాత ఉండే ఇంటర్న్‌షిప్‌ను ఈ పనితో ముడిపెట్టడానికి వీలుంటుందేమో కళాశాల మెంటరును ముందుగానే అడగాలి, పని అయిపోయాక అడిగితే ఒప్పుకోవడం కష్టం.

మరో జాగ్రత్త చట్టానికి సంబంధించినది. 2012లో జరిగిన సవరణ వల్ల, దివ్యాంగులు చదువుకోవడానికి వీలుగా పుస్తకాలను వేరే రూపంలోకి మార్చి లాభాపేక్ష లేకుండా ఇవ్వడానికి మన కాపీరైటు చట్టం అనుమతిస్తోంది. ఆ అనుమతి ఆ విద్యార్థుల కోసమే. కాబట్టి ఆ రికార్డింగులను అందరూ వినేలా యూట్యూబులో పెట్టకూడదు, టీవీ కార్యక్రమంలోని పాటల ముక్కలను వాటికి జోడించకూడదు. పిల్లల ఫొటోలు, పేర్లు ఎక్కడా పంచుకోకూడదు. దేశంలో 2016 నుంచి ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. ఒక పుస్తకాన్ని రికార్డు చేసే ముందు అది అక్కడ ఇప్పటికే ఉందేమో చూస్తే శ్రమ తగ్గుతుంది.

రికార్డరు కొనడానికి తలా కొంత వేసుకున్నారని ఆమె చెప్పింది. ఇకమీదట డబ్బు ఒకరి జేబు నుంచి మరొకరి జేబుకు వెళ్లకుండా, ఇవ్వదలచింది నేరుగా వసతిగృహం ఖాతాకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. పని ఎప్పుడూ నలుగురు తిరిగే హాలులోనే, వార్డెన్ ఉన్న వేళల్లోనే జరగాలి. చీకటి పడకముందే చిత్తూరు బస్సు ఎక్కాలన్న నియమం పెట్టుకోవాలి. ఇవి మీ అమ్మాయి మీది అనుమానంతో చెబుతున్నవి కావు, ఎంత మంచి బృందానికైనా అవసరమైనవి.

పరిచయాలను ఎంతవరకు నమ్మవచ్చని అడిగారు. దానికి నా దగ్గర కంటే ఆ హాలులోనే మంచి జవాబు దొరుకుతుంది. వచ్చే రికార్డింగు ఆదివారం ఉదయం బస్సులో ఆమె పక్కన మీరూ కూర్చుని తిరుపతి వెళ్లండి. ఆ పండితులతో, నర్సింగ్ చదివే అమ్మాయితో మాట్లాడండి, కలిసి భోజనం చేయండి, వారి ఇంటివారి ఫోను నంబర్లు అడిగి తీసుకోండి. మధ్యాహ్నం డిమాండు రేఖ పాఠం విన్న విద్యార్థి ఎవరైనా ఉంటే, ఆ రేఖ ఎలా ఉంటుందో మీ అరచేతిలో వేలితో గీసి చూపించమని అడగండి. తిరిగి వచ్చాక ఆ రాత్రే నాకు మళ్లీ రాయండి.