"దేవుడే క్షమించాడు, నీకేంటి?" అంటున్నారు

ప్రశ్న: మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. మావారు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో గుమస్తా. పన్నెండేళ్ళు తాగారు. నాకు తెలియకుండా నా గాజులు తాకట్టు పెట్టారు, మా అన్నయ్య దగ్గర అప్పు చేశారు. చెయ్యి మాత్రం ఎప్పుడూ చేసుకోలేదు. మూడు నెలల క్రితం సువార్త సభల్లో రక్షణ పొందానని మందు మానేశారు. ఇప్పుడు చర్చిలో సాక్ష్యం చెబుతున్నారు. అందరూ స్తోత్రం అంటుంటే నేను బోసి చేతులు కొంగులో దాచుకుని కూర్చుంటున్నాను. పాత సంగతి ఎత్తితే "దేవుడే క్షమించాడు, నీకేంటి?" అంటున్నారు. నా విశ్వాసంలోనే లోపం ఉందా?

జవాబు: లేదమ్మా. ఆ బోసి చేతుల మాట చదివాక నేను చాలాసేపు ముందుకు కదల్లేకపోయాను.

1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన నాటినుంచీ మీ సంఘం బోధ ఒకటే: రక్షణ మనం సంపాదించేది కాదు, కృపవల్ల ఉచితంగా దొరికేది. కాబట్టి "దేవుడు క్షమించాడు" అనడంలో మీవారి తప్పేం లేదు. "నీకేంటి" అన్నారే, తప్పు అక్కడుంది.

జక్కయ్యను గుర్తు చేసుకోండి. యెరికోలో సుంకాల పెద్ద. యేసు అతని ఇంట దిగుతానన్నప్పటికి అతను ఎవరికీ ఏమీ తిరిగివ్వలేదు. కానీ ఆ తర్వాత తనంతట తానే లేచి, ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. రక్షణ వచ్చిందన్న మాట యేసు అప్పుడు అన్నాడు. అదీ "ఈ మనిషికి" అని కాదమ్మా, "ఈ ఇంటికి" అని. ఆ ఇంట్లో మీరూ ఉన్నారు.

నమ్మకం కుదరకపోవడం పాపం కాదు. విశ్వాసులను హింసించిన సౌలు మారి యెరూషలేము వస్తే యేసు శిష్యులే నమ్మలేదు, భయపడ్డారు. బర్నబా మధ్యవర్తిగా నిలబడాల్సి వచ్చింది. మీ పాస్టరు గారిని ఆ పని చేయమని అడగండి.

మూడు నెలలు మందు ముట్టకపోవడం చిన్న సంగతి కాదు. ముందు ఆ మాట ఆయనతో అనండి. తర్వాత ఈ ఆదివారం భోజనాలయ్యాక ఒక నోటు పుస్తకం ఆయన ముందు పెట్టండి. గాజులు ఏ కొట్లో ఉన్నాయి, వడ్డీ ఎంతైంది, అన్నయ్యకు ఎంతివ్వాలి, అన్నీ ఆయన చేత్తోనే రాయమనండి. రోజూ రైతుల బస్తాల లెక్క రాసే మనిషికి ఈ లెక్క రాయడం కష్టం కాదు. బీరువా తాళం ఇంకొంతకాలం మీ దగ్గరే ఉంచుకోండి. అది పగ కాదు.

ఎప్పుడైనా కాలుజారి తాగితే, మారుమనస్సంతా నాటకమని కొట్టిపారేయకండి. పరిశుద్ధపరచబడటం బతుకంతా సాగేది. అలాగని దాచిపెట్టకండి కూడా. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి, లేదా 14446 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ప్రార్థన ఉంది కదా, డాక్టరెందుకని ఎవరన్నా వినకండి.

జీతం వచ్చాక మొదటి కిస్తీ పట్టుకుని మీ అన్నయ్యగారింటికి ఇద్దరూ వెళ్ళండి. డబ్బు మాత్రం మీవారి చేత్తోనే ఇప్పించండి.